కొలత నీళ్ళు

హరిపురం సంతలో సుగ్గి
జిగురు తూచి ఇచ్చాక, కొంగు ముడి విప్పి
ఒక ఎండుకాయ నా అరచేతిలో పెట్టింది.
లోపల దూది. దూదిలో కొండగోగు గింజలు,
ఒక్కోటీ చిన్న మూత్రపిండంలా వంకర తిరిగి.
నవ్వొచ్చింది నాకు.

పలాసలో డయాలసిస్ నర్సుని నేను.
"రోజుకి అర లీటరే, మావా" అని
ఉద్దానం రైతులకి చెప్పడం నా ఉద్యోగం.
కొబ్బరితోటల్లో పుట్టినవాళ్ళని
బోండాం ముట్టొద్దంటే
గోడ వైపు తిరిగి పడుకుంటారు.

గింజని గచ్చు మీద అరగదీసి
మోటారు గది వెనక నాటాను. మొలిచింది.
డ్యూటీ నుంచి వచ్చి బట్టలైనా మార్చకుండా
చెంబుతో కాదు, బకెట్టుతో పోశాను.
అక్కడ పొయ్యలేనిదంతా ఇక్కడ పోశానేమో.
రెండో వానాకాలం నడుమ
మొదలు పట్టుకుంటే మెత్తగా చేతికొచ్చేసింది.

మళ్ళీ సంత. సుగ్గి తిట్టలేదు.
"కొండమీద బండసందుల్లో
దానికెవులు పోత్తారమ్మా నీల్లు?
ఒగ్గీ. దాని మానాన దాన్ని ఒగ్గీ."

రాళ్ళూ ఇసకా కలిపిన దిబ్బ మీద
రెండో గింజ పెట్టి ఒగ్గేశాను.
అంటే, రోజూ చూసేదాన్ని. పొయ్యలేదు, అంతే.
తిత్లీ రాత్రి పక్కింటి జీడిమామిడి
మా గోడ మీద పడింది.
ఇది మోకాలెత్తు అప్పటికి,
గాలి కంటికి ఆననే లేదు.

ఏటా చలి వెళ్ళేవేళకి ఆకంతా రాల్చి
బూడిదరంగు కర్రయి నిలబడుతుంది.
ఎదురింటి కామేశు ఏటా అదే మాట:
"సచ్చిపోనాది గదా సిస్టరూ, పీకీమంతారా?"

ఈసారి శివరాత్రి వెళ్ళిన వారం
బ్రష్షు నోట్లో పెట్టుకుని తలుపు తీస్తే
ఆకు ఒక్కటి లేదు
కొమ్మ చివర పసుపు. అరచేతంత పసుపు.
నాకంటే ముందే లేచిన తేనెటీగలు.
కామేశు సైకిలు దిగి
గోడ పట్టుకుని చూస్తున్నాడు, ఏమీ అనకుండా.

ఒకటి కోసి వార్డుకి తీసుకెళ్ళాను.
నాలుగో మంచం లోకయ్య అడిగాడు,
"దీనికి రోజుకెంత పోత్తావు?"
"ఏమీ లేదు మావా."
చాలాసేపు చూశాడు.
నేను పెన్నుతో గీత గీసిచ్చిన
తన సీసా మూత తిప్పి
పువ్వు కాడని అందులో ముంచాడు.
"ఇయ్యాల దీన్ని తాగనీ."

షిఫ్టు అయ్యేదాకా
నీళ్ళు ఆ గీత దగ్గరే ఉన్నాయి.
చార్టులో ఏం రాయాలో తెలియక
ఆ గడి ఖాళీగా ఒగ్గేశాను.