నలభై ఒకటి

ఖసబ్ రేవు దాటినంక రెండు గంటలు
పడవకు ఇరుపక్కల రాయే.
చెట్టు లేదు, చెలిమె లేదు,
మోకాటి లోతు సముద్రంల దిగి
ఎండకు నిలబడ్డట్టు గుట్టలు.
ఇక్కడ ఇండ్లున్నయంటే నేను నమ్మలే.

"అగో" అన్నడు పడవ నడిపే ఖమీస్.
ఎటు?
మళ్ల చెయ్యి చూపిండు. మళ్ల రాయే.
గుట్టను కాదు, గుట్ట నీడను చూడుమన్నడు.
నీడ ఒక్క కాడ మూల తిరిగి ఉన్నది
గోడకున్నట్టు.
అట్ల దొరికింది మొదటిది.
తర్వాత కండ్లకు అలవాటైంది:
మేక పెంటికలు, మసి పట్టిన మూడు రాళ్లు,
వాననీళ్లు ఆగే తొలిచిన గుంట,
వాటెనుక ఎక్కడో ఒక ఇల్లు.

మా పని లెక్క.
కరెంటు తీగ ఎందాక గుంజాలె,
నీళ్ల పడవ ఎక్కడ ఆగాలె.
వర్కీ సార్ యంత్రంల చూసి అంకె చెప్తడు.
కొలకర్ర పట్టుకొని నిలబడుడు నా కొలువు,
ఎర్ర రంగు డబ్బ కూడ నాదే. ఇంటికో నెంబరు.
కాగితం మీద రెండే గడులు:
ఉన్నరు. ఖాళీ.

నలభై ఒకటోది సగం భూమిల దిగి ఉన్నది.
వాకిలి నా నడుము దాక.
కట్టె తలుపుకు మోచెయ్యంత తాళం.
(క్యాంపుల నా పెట్టెకున్నది
చిటికెన వేలంత.)
"ఖాళీ" అన్నడు సార్, నెత్తి మీది తువ్వాల తడుపుకుంట.
ఖమీస్ ఏదో గొణిగిండు.
ఎండకాలం, ఖర్జూరం తోటలు, వస్తరు,
గింతే నాకు అర్థమైంది.

రాళ్ల సందుల ఫోను లైటు కొట్టి చూసిన.
కుండ.
వాకిలి కంటె పెద్ద కుండ!
కుమ్మరోణ్ని, నాకు నవ్వొచ్చింది.
వీళ్లు ఇల్లు కట్టి కుండ పెట్టలే,
కుండ పెట్టి దాని సుట్టు ఇల్లు కట్టిండ్రు.
అంచు కింద నాలుగు వేళ్ల గుర్తులు,
తడిమన్ను మీద
ఎవరిదో ఎడమ చెయ్యి.

కొలకర్ర సందుల దూర్చి
కొనతోటి మెల్లగ తట్టిన.
వట్టి కుండైతే గణగణ అంటది,
ఆవంలకెల్లి తీసినప్పుడల్లా ఇన్న సప్పుడే.
పైన మోగింది.
ఇంకింత కిందికి దించిన.
దబ్.
తిన్న కడుపు మీద కొట్టినట్టు.

"సార్, ఖాళీ కాదు. సగం దాక గింజలున్నయ్."
"గింజలకు కరెంటియ్యమంటవా లింగం?"
అన్నడు గని, పెన్ను ఆపిండు.
ఆపి, రెండు గడుల నడిమి గీత మీద
టిక్కు పెట్టిండు.
పొద్దటి సంది నాతోటి మాట్లాడని ఖమీస్
అప్పుడడిగిండు నా పేరు.

పడవ మలిగినంక ఎనుకకు చూసిన.
ఇల్లు రాయిల కలిసిపోయింది.
నేనేసిన ఎర్ర అంకె ఒక్కటే
శానా దూరం దాక కనబడ్డది.
తలుపు మీద ఏసిన.
పక్క రాయి మీద ఏయాల్సింది.