మురుగు గొట్టాల విభాగంలో

పరుల పొరపాట్ల మీద బతుకుతాను నేను.
సెతూబల్‌లో, మూడో అంతస్తులో,
కిటికీ తెరిస్తే చేపల డబ్బాల కర్మాగారం వాసన,
మూస్తే కంప్యూటర్ ఉక్క.
తెల్లారుజామున నాలుగింటికి లేచి
వస్తువులు ఉండకూడని చోట్ల వెతుకుతాను.

లోకమంతా గడియారాల్ని గడియారాల్లోనే వెతుకుతుంది.
అక్కడంతా బేరం తెలిసినవాళ్ళ తోపులాట.
నేను పెంపుడు జంతువుల సామాన్లలోకి దిగుతాను.
పక్షి పంజరమని ఎవరో అమ్మకానికి పెట్టింది
ఓడ లాంతరు, ఇత్తడిది.
పిల్లల బొమ్మల్లో ఒక నావికుడి దిక్సూచి,
దాని ముల్లు ఇంకా ఉత్తరాన్ని మరిచిపోలేదు.
పెళ్ళి గౌను ఒకటి కర్టెన్లలో ఉంది.
పొరపాటో, కోపమో, అడగలేదు.
ఎనిమిది యూరోలు ఇచ్చి తెచ్చుకున్నాను.

కొందరిది కళ్ళజోడు లేక చేసిన తప్పు.
కొందరిది పొదుపు:
ఫర్నిచర్‌కి రుసుము, పుస్తకాలకి లేదు,
అందుకని ఒక బీరువా కింద
"పుస్తకం, రెండు తలుపులు" అని రాసుంది.
ఒకాయన తన పాత ట్రాక్టరును
అన్ని విభాగాల్లోనూ పెట్టాడు,
పురిటి పిల్లల బట్టలతో సహా.
ఆ తెలివి నాకు అక్కర్లేదు.
అమాయకపు తప్పే నా పొలం.

మొన్న మార్చిలో
ప్లంబింగ్, అందులో మురుగు గొట్టాలు,
అందులో వంపులు, అందులో ఇతరములు.
నలభయ్యో పేజీ.
ప్లాస్టిక్ మోచేతుల మధ్య
బంగారు మెడ వంచుకుని
ఒక బారిటోన్ శాక్సఫోన్.
ఫోటో చీకట్లో తీశారు.
వివరం: "గొట్టం. వాడినది."
ధర నలభై.
వెతకబోయిన తీగ కాలికి చుట్టుకుంది.

వెంటనే రాశాను: తీసుకుంటాను, ఈరోజే వస్తాను.
మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
నాలుగో రోజు ఒకటే ముక్క:
"అమ్మా, మీకు ఎలా కనిపించింది?"

పేరు అడెరీతు. పెనీష్ మనిషి.
ముప్పయ్యొక్క ఏళ్ళు ఊరి బ్యాండులో
చివరి వరస, అట్టడుగు స్వరం.
పునీతుడి విగ్రహం ముందు నడుస్తుంటే
వెనకాల ఇతని గుమగుమ ధ్వని వీధిరాళ్ళలోంచి వచ్చేదట.
పై పళ్ళు నాలుగు ఊడాయి.
కట్టుడు పళ్ళతో ఊదితే గాలి పక్కదారి పడుతోంది.
ఇల్లు రెండు గదులు,
మనవరాలు వచ్చి చేరింది, మంచం వెయ్యాలి.
అమ్మెయ్, అంది భార్య దియొలిండా.
అమ్మకానికి పెడతానని మాటిచ్చాడు.
పెట్టాడు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?
రోజూ రాత్రి సూపు దగ్గర ఆమె అడుగుతుంది,
ఎవరన్నా ఫోన్ చేశారా?
"లేదే," అంటాడు,
"జనానికి సంగీతం మీద మోజు పోయింది."

చివర్న ఇంకో వాక్యం రాశాడు:
"మీరు వస్తానంటే రండి.
పెట్టింది నేనే. ధర ధరే."

బస్సు ఏడింటికి.
లిస్బన్‌లో దాన్ని రెండు వేలకు కొనే దుకాణం నాకు తెలుసు.
రెండు వేలంటే కొత్త బాయిలర్,
వచ్చే చలికాలమంతా వేడినీళ్ళు.
ఏడు దాటింది.
బూట్లు వేసుకునే కూర్చున్నాను.

తర్వాత రాశాను:
"అడెరీతు గారూ, వంపుల్లో వద్దు.
వంపుల్లోకి నాలాంటివాళ్ళు వస్తారు.
తోటపని తెరవండి, పురుగుమందులు,
వాటిలో నత్తల మందు.
అక్కడికి నేను కూడా వెళ్ళను.
ఫోటో తీసెయ్యండి.
గొట్టం అన్న మాట కూడా తీసెయ్యండి,
గొట్టం కావాలనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు."

సాయంత్రానికి వంపుల్లో ప్లాస్టిక్ మోచేతులే మిగిలాయి.
ఎక్కడికి మార్చాడో చూడలేదు.

నిన్న నా కుండీలో
కొత్తిమీర మీద ఒక నత్త,
ఆకులన్నీ జల్లెడ.
కంప్యూటర్ తెరిచే ఉంది.
గొడుగు తీసుకుని, మందు కోసం
సందు చివరి దుకాణానికి నడిచి వెళ్ళాను.