చింతపిక్క

బొబ్బిలి మార్కెట్ వెనక గోడౌనులో
మాఘం నుంచి చైత్రం దాకా తవిటమ్మది ఒకటే పని.
కొండ దిగొచ్చిన చింతకాయని సుత్తితో కొట్టి
ఈనె లాగి, పిక్క తీసి
పండుని బుట్టలోకి విసరడం.
దాహానికొకటి, నిద్ర ఆపుకోడానికొకటి
బుగ్గలో ఎప్పుడూ ఒక రెబ్బ.
పొద్దు వాలాక నోరంతా పులుపని
ఇటికపొడితో పరపరా తోమేసుకుంటుంది.

శనివారం మా ఆస్పత్రి కుర్చీలో కూర్చుంది.
"నీళ్లు తాగితే జిల్లుమంతంది తల్లీ,
గాలి పీల్సినా జిల్లే.
పురుగేటీ కనబడదు. మరేటిది?"

హేమసుందరి డాక్టరమ్మ లోపల అద్దం పెట్టి
నన్నూ చూడమంది.
ముందు పళ్ల అంచులు
వెనక దీపం పెట్టిన పింగాణీలా పలచబడ్డాయి.
చిగురు దగ్గర సుద్దముక్కతో గీసినట్టు
తెల్లటి మచ్చ.
మెరుపు పోయింది. గొయ్యి ఇంకా పడలేదు.

బయట బెంచీ మీద ఇంకా పదిమంది.
చెప్పే పని నాది.
"ముగ్గు మీద నిమ్మకాయ పిండితే ఏమవుతుంది?"
"బుసబుసా పొంగుద్ది."
"పొంగదు గానీ నీ నోట్లో జరిగేదీ అలాంటిదే.
పులుపు తగిలినప్పుడల్లా
పన్ను తన సున్నాన్ని కాస్త వదిలేస్తుంది."
"పోయింది పోయినట్టేనేటి?"

పోయినట్టే అని చెప్పడం సులువు.
ఎనామిల్‌కి నెత్తురు లేదు,
తెగిన వేలు మూసుకున్నట్టు అది మూసుకోదు.
కానీ నోట్లో ఒక తాపీమేస్త్రీ ఉన్నాడు,
ఇంతవరకూ ఎవరినీ కూలి అడగలేదు.
పుస్తకంలో లాలాజలం,
తవిటమ్మకి ఎంగిలి.
చేతికి తగిలితే కడుక్కుంటామే, అదే.
పులుపు తేలిపోయాక
అరగంటో గంటో దాని మానాన దాన్ని వదిలేస్తే
కరిగిన సున్నాన్ని తెచ్చి
అదే గోడకి మళ్లీ మెత్తుతుంది.
తడి గోడని ఇటికపొడితో గీకుతున్నది మాత్రం
తవిటమ్మే.

ఈ మాటకి ఆమెకి కోపమొచ్చింది.
"సుబ్రం సేసుకోడం కూడా తప్పేనేటి!"

డాక్టరమ్మ పళ్లకి పసుప్పచ్చ పూత పూసింది.
ఫ్లోరైడ్ అన్నాను.
సున్నం వెలితి పడ్డచోటికి ఇది వచ్చి కూర్చుంటుందని,
తిరిగి కట్టిన గోడ
పాతదానికన్నా ఎక్కువసేపు పులుపుకి ఆగుతుందని
చెబుతూ చెబుతూ మాస్కు పైకి సర్దుకున్నాను.

ఆ పేరు పుస్తకంలో చదవకముందే
పళ్ల మీద రాయించుకున్నదాన్ని నేను.
మా ఊరి బోరు నీళ్లు తియ్యగా ఉండేవి.
శాశ్వత పళ్లు చిగురు కింద
ఎవరికీ కనబడకుండా తయారవుతున్న ఏళ్లలో
రోజుకి ఎన్ని చెంబులు తాగానో.
వచ్చినవి గోధుమరంగు చారలతో వచ్చాయి.
టీ మరకలనుకుని అమ్మ ఉప్పుతో రుద్దింది,
నాన్నమ్మ బొగ్గుతో రుద్దింది.
రుద్దితే పోడానికి అది పైన పడ్డ మరక కాదు.
పెళ్లి ఫోటోల్లో కూడా పెదాలు మూసే ఉంటాను.
ఇంతవరకూ ఒక్క పన్నూ పుచ్చలేదు.
ఈ సంగతి ఎవరికి చెప్పుకుని గొప్పలు పోను?

చిన్నపిల్లలకి బియ్యపుగింజంత పేస్టు చాలని
రోజూ తల్లులకి వేలు చూపించి చెప్పేది నేనే.
ఆ గింజలోనూ, ఈ పూతలోనూ,
ఆ బోరులోనూ ఉన్నది ఒకటే.

"ఆ ముసుగు తీసి ఓపాలి నవ్వే," అంది తవిటమ్మ.
ఎందుకు తీశానో తెలీదు.
పండులో పిక్క మిగిలిపోయిందేమో చూసే చూపుతో
చాలాసేపు చూసింది.
"నీళ్లా?"
"నీళ్లే."
ఇంకేమీ అనలేదు.
కొంగుతో తన నోరు తుడుచుకుని దిగింది.

నెల తిరిగాక మళ్లీ వచ్చింది.
ఇటికపొడి మానేసిందట.
బుగ్గలో రెబ్బ మాత్రం మానలేకపోయింది,
"నిద్దరొస్తాదమ్మా."
రెండ్రోజులు అలా, నాలుగు రోజులు ఇలా:
రెబ్బకి బదులు కడిగిన పిక్క.
"పులుపు లేదు. ఎంగిలి మట్టుకు ఊరుద్ది. కొరకనులే."
అది నేను చెప్పలేదు. తనే కనుక్కుంది.

తెల్లమచ్చ మీద మెరుపు కాస్త తిరిగొచ్చిందా,
లేక లైటు అటు తిరిగిందా?
డాక్టరమ్మ చీటీలో 'చూద్దాం' అని రాసింది.

మధ్యాహ్నం కొంగుముడి విప్పి
నా చేతిలో నాలుగు పిక్కలు పోసి పోయింది.
ముదురు గోధుమరంగు. నున్నగా ఉన్నాయి.
మాస్కు కింద ఒకటి బుగ్గన పెట్టుకుని
తర్వాతి నంబరు పిలిచాను.