పరగడుపున

ఉదయం ఆరున్నర. మలక్‌పేట బ్రిడ్జి కింద
రాత్రి వాననీళ్లు ఇంకా తీయలేదు.
ల్యాబ్ మెట్ల మీద అమ్మ, నేను,
నిన్న తొమ్మిది నుంచి ఖాళీగా ఉన్న నా కడుపు.

షాహీన్ అక్కకి నా ఎడమచేతి నరం
తన గల్లీ అంత గుర్తు.
పిడికిలి బిగించమంటుంది. మొహం కేసి చూడదు.
అందుకే ఆమె అంటే ఇష్టం.

పోయిన నెల నాకు కొవ్వెక్కిందని రిపోర్టులో తేలింది.
ఇంట్లో ఎప్పట్నుంచో అంటున్న మాటే.
"రంజాన్ కదా డాక్టర్" అన్నాను,
హలీమ్ ఎన్ని గిన్నెలో లెక్క చెప్పలేక.
ఆవిడ నవ్వలేదు. మాత్ర మోతాదు తగ్గించింది.

చీటీలో ఆఖరిది గర్భం పరీక్ష.
కౌంటర్ కుర్రాడు పెన్ను ఆపాడు, గొంతు తగ్గించాడు:
"ఇది... ఈ అమ్మాయికేనా?"
మొటిమల మందమ్మా, నెల నెలా చూడాల్సిందే
అని చెప్పబోయాను,
ఎండి పగిలిన పెదవులు అంటుకుపోయాయి.
అమ్మే అంది, లైనంతా వినేట్టు:
"దానికే. రాయి."

బయట ఇరానీ హోటల్లో
నా మోచేతి మడతలో దూది ఇంకా నొక్కిపట్టే ఉంది,
రక్తం ఎప్పుడో ఆగినా.
రెండో ఉస్మానియా బిస్కెట్‌కి చెయ్యి చాచాను.
"ట్రైగ్లిజరైడ్స్" అంది.
మూడు నెలలకి ఆ మాట
అమ్మకి నోరు తిరిగింది.