తలకిందులుగా

తురహళ్ళి గుట్ట కింద, ఆదివారం ఏడింటికి,
తలో గడ్డపార, తలో జత తోలు తొడుగులు ఇచ్చి
మునిలచ్చమ్మ అడిగిన మొదటి మాట:
"ఇంట్లో కుండీలో దీన్ని పెంచేటోళ్ళు ఎవురన్నా ఉండారా?"

నేను చెయ్యెత్తలేదు.
మా బాల్కనీలో రెండు కుండీలున్నాయి,
పసుపుగా విచ్చి మూడోనాటికి గులాబీకి తిరిగే గుత్తులతో.
నూట ఇరవైకి అంటగట్టాడు నర్సరీవాడు,
"నీళ్ళు మర్చిపోయినా చావదు మేడం" అని.
మెచ్చుకోలనే అనుకున్నాను అప్పట్లో.

ఇక్కడ నిలువెత్తు దాటి
చెట్ల చంకల్లోకి చేతులు దూర్చి
కంపకు కంప పెనవేసుకుని
లోపలికి చూపుని కూడా పోనివ్వదు.
మా వైపు పులికంప అంటారని చెప్తే నవ్వింది:
"పులి అయ్యుంటే దావన్నా ఇచ్చేది."
ఆమెది బాగేపల్లి తెలుగు.
మాట మధ్యలో కన్నడంలోకి దిగి
తర్వాతి స్టాపులో మళ్ళీ ఎక్కుతుంది.

నేను కొమ్మలు నరికాను.
వేటు వేటుకీ ఆ వాసన,
పిల్లి ఉచ్చనీ నిమ్మాకునీ కలిపి నలిపినట్టు.
గంటలో పెద్ద కుప్ప. చెమట. కొంచెం గర్వం.
ఆమె వచ్చి, కుప్పవైపు చూడకుండా
మిగిలిన మోడుని కాలితో తట్టింది.
"క్షవరం చేసినావు. వానకి రెండింతలొస్తాది."

కూర్చుని చేత్తోనే మట్టి తీసింది.
కాండం ఆగిపోయి వేరు మొదలయ్యే చోట
వేలు ఆనించింది, నాడి చూసేవాళ్ళలా.
"దీనికి మూడేళ్ళు కింద. ఆడ తెగాల."
ఒకటే దెబ్బ.
తెగిన బోదెని ఎత్తి పక్క పొద మీద
తలకిందులుగా బోర్లించింది, వేళ్ళు ఆకాశంలోకి.
మట్టి తగిలితే మళ్ళీ పట్టుకుంటుందట.

కళ్ళజోడు కుర్రాడొకడు కన్నడంలో అన్నాడు,
బయటినుంచి వచ్చిన వాళ్ళందర్నీ ఇలాగే పీకాలని.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.
పొద్దున బస్సులో టికెట్టు ఏ భాషలో అడగాలా అని
రెండు క్షణాలు తడుముకున్న నోరే ఇది.
మునిలచ్చమ్మ తలెత్తలేదు.
"వచ్చినందుకు కాదప్పా.
వచ్చినాక ఇంకోదాన్ని మొలవనీనందుకు.
ఆ పార ఇట్లియ్యి."

పదకొండప్పుడు పొద లోపల గూడు దొరికింది.
పికిలిపిట్టది. మూడు గుడ్లు, వక్కరంగు చుక్కలవి.
ఆమె కొంగు అంచు చించి
ఎర్రపీలిక కట్టింది కొమ్మకి.
ఈ పొద వద్దు.
కానీ దీని కాయలు మాగి నల్లబడుతున్నాయి,
ఆ పిట్టే కదా తిని ఊరంతా చల్లేది, అన్నాను.
"తెలుసు."
కాసేపాగి, "మూడు వారాలు" అంది,
గుడ్లకో నాకో పొదకో గడువిచ్చినట్టు.

ఆషాఢంలో మళ్ళీ వెళ్ళాం.
ఖాళీ చేసిన చోట గడ్డి, ఇంకా పలచగా,
బాలింత తలలో కొత్త వెంట్రుకల్లా.
పికిలి వాలే జాలారి చెట్టు కింద మాత్రం
గుండ్రంగా, నీడ ఎంతో అంత మేరా
రెండాకుల పిల్లలు.
బియ్యంలో మెరికలు ఏరినట్టు ఏరాం.
ఇప్పుడు గడ్డపార అక్కర్లేదు, రెండు వేళ్ళు చాలు.
నూట పద్నాలుగు దాకా లెక్కపెట్టి మానేశాను.
"వచ్చే ఏడూ రావాల. ఆపై ఏడూ."
ఆమె నడుం పట్టుకుని లేచింది.

ఇంటికొచ్చి కుండీలు రెండూ ఖాళీ చేశాను.
మూడు వేళ్ళు కింద కోసి
బాల్కనీ చువ్వలకి తలకిందులుగా కట్టాను.
వాచ్‌మన్ భార్య చెన్నమ్మ కుండీలు అడిగి తీసుకెళ్ళింది,
కొత్తిమీర వేసుకుంటానని.

రాత్రి దీపం ఆర్పబోతూ చూశాను.
మూడో అంతస్తు, నీళ్ళగొట్టం పక్కన
గోడ చీలికలో ఒకటి,
జానెడు, అప్పుడే మొగ్గ తొడిగి.
దానికి ఎవరూ నూట ఇరవై ఇవ్వలేదు.
గ్రిల్లులోంచి చెయ్యి చాచాను.
అందలేదు.
వేళ్ళకి ఇంకా అదే వాసన.