పద్దెనిమిది రూపాయలు

మునిరత్నం లెక్కలో పద్దెనిమిది రూపాయలు ఎక్కువ పడినాయని
రెండేళ్ళ కిందట గొడవ పెట్టుకున్నా.
ఇరవై వేలకు నూటికి మూడు, నెలకు ఆరు నూర్లు.
ఒక నెల కట్టలేదు, ఒప్పుకుంటా.
రెండో నెలకు పన్నెండు నూర్లు గదా,
ఈ పద్దెనిమిది యాడ్నుంచి వచ్చిందప్పా?
ఆయన నవ్వినాడు. టీ చెప్పినాడు.
ముష్టి పద్దెనిమిది, అన్నీ కలిపి ఒకసారే కడతాలే అని
టీ తాగకుండా వచ్చేసినా.

భుజం పట్టేసింది. కత్తి పట్టలేని కాలమంతా
ఆయన గుమ్మం తొక్కలేదు.
నిన్న చీటీ చూపించినాడు:
నలభై వేల ఆరు నూర్ల యాభై ఆరు.

రాత్రి నాగవేణికి జడేస్తా అడిగినా.
ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మూసి చెప్పింది:
"బారువడ్డీ అంటే నువ్వు గీసిన గుండమ్మా.
ఈ నెల అరంగుళం, వచ్చే నెలా అరంగుళమే.
ఎన్నేళ్ళు వదిలినా నెత్తిలోనుంచే మొలుస్తాది."
మరి చక్రవడ్డీ?
"మొలిచిన వెంట్రుకకు మళ్ళా వెంట్రుకలు మొలిస్తే."

నా చేతిలో జడ నిలిచిపోయింది.
కొసకో కొస, ఆ కొసకో కొస,
గడప దాటి, మెట్లు దిగి,
కొర్లగుంట సందంతా పరుచుకొని
మునిరత్నం కుర్చీ కాలికి చుట్టుకున్నట్టు.
ఎన్ని వేల తలలు గీసిన చెయ్యో ఇది,
దాని మొదలు యాడుందో తెలీలా.

"కొండమీద సామి అప్పు ఏ వడ్డీమే?"
"అది పరీక్షకు రాదు, నువ్వు జడెయ్యి."
పత్రం రాసిచ్చినప్పుడు సాక్షులుండారంటారు.
లెక్క తెలిసినోళ్ళు ఒక్కరన్నా ఉండారో లేదో.

తెల్లారుజామున నాలుక్కి కల్యాణకట్టలో డ్యూటీ.
మొదటి తల హోసూరు పిల్లోడు, పదకొండు నెలలు,
తాత ఒళ్ళో నిద్రలోనే ఏడుస్తా ఉండాడు.
నీళ్ళు తడిపి, చెవి మడిచి, మెల్లగా పైకి.
సుడి దగ్గర చెయ్యాగింది.
చిన్న చక్రం. ఇంకా ఏమీ బాకీ లేనిది.
"ఏందమ్మా, తెగిందా?" అన్నాడు తాత.
లేదు సామీ, అని పని ముగించినా.

ఇప్పుడు ఒక్క నెల వడ్డీయే పన్నెండు నూర్ల ఇరవై,
ఆ పొద్దు రెండు నెలలకని కొట్లాడిన డబ్బంత.
శనివారం పోయి లెక్కపెట్టి ఇచ్చినా.
పైన ఒక పదినోటు, ఎనిమిది రూపాయల చిల్లర పెట్టినా.
"ఇదెందుకు?"
"అసలుకు. రాయి."
మునిరత్నం పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.
టీ చెప్పలేదు.