చింతగింజల మూట

నా తొడకు టేపు పెట్టి కొలిచినారు ఆ పొద్దు.
ఇన్నాళ్ళూ టైలరు జాకెట్టుకే కొలిచినాడు,
అదీ పాత జాకెట్టును చూసి.
అరవై ఎనిమిదేండ్లు నన్ను మోసిన కాలు
ఎంత లావుందని
అడిగినోళ్ళు లేరు.

చిత్తూరు పెద్దాసుపత్రిలో మెట్ల కింద గది.
ఒక కుర్చీ, ఒక గోడ,
కొక్కేలకు యాలాడే ఇసక సంచులు.
ఆ బిడ్డ పేరు నౌషీన్.
"చేతులు రెండూ ఎదకు కట్టుకోవ్వా. ఇప్పుడు లెయ్."
లేసినాననే అనుకున్నా.
కుర్చీ నన్ను ఇడిస్తే కదా.

"మోకాలొకటే కాదవ్వా, కండ కరిగిపొయ్యింది" అనింది.
కండా! నవ్వొచ్చింది నాకు.
కండంటే మా చిన్నాయన
బెల్లం బస్తా ఈపునేసుకోని
మండీ మెట్లెక్కేటప్పుడు కనబడేది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
ఇరవై మూడు సీజన్లు నిలబడి
తోతాపురి తొక్కు తీసిన దాన్ని,
నాకూ అట్లాంటిదొకటి ఉందని
ఎవరూ చెప్పలా.
నొప్పులకయితే పేర్లు తెలుసు,
పట్టు, పోటు, సలుపు, గుంజు.
కండకు పేరు పెట్టలేదు మా ఇంట్లో.

బంగారుపాళ్యం బస్సు మెట్టు
ఏ రేత్రి ఎత్తు పెరిగిందో తెలీదు.
ఎనక నుంచి ఎవరో చెయ్యేసి తోస్తే ఎక్కినా.
తోసిందెవరో తిరిగి చూళ్ళా.
సీట్లో కూర్చున్నాక కూడా
ఆ చెయ్యి ఆడ్నే ఉన్నట్టుండె.

ఇంట్లో ఇసక సంచి యాడిది?
చినిగిన లంగా గుడ్డను గొట్టంగా కుట్టి
చింతగింజలు పోసినా.
మొదటి వారం మూడు గుప్పిళ్ళు.
చీలమండకు కట్టుకోని
కాలు చాపి, పైకెత్తి, పట్టి, దించాల.
ఈ గింజలతోనే వామనగుంటలాడినా చిన్నప్పుడు.
ఎన్నిసార్లు కూర్చున్నానో, ఎన్నిసార్లు లేసినానో
అప్పుడు లెక్కలో లేదు.

నులకమంచం పనికిరాదు, కుంగుతాది.
ప్లాస్టిక్ కుర్చీని గోడకానించి లెయ్యడం, కూర్చోవడం.
ఎనిమిదికాడ నాకు లెక్క తప్పుతాది.
పక్కింటి సుబ్బరత్న గడప మీద కూర్చోని
"కుస్తీకి పోతావా మే ఈ వయసులో" అని నవ్వతానే
"తొమ్మిది" అనేది.
ఒక్కోనాడు తొమ్మిదిని రెండుసార్లు అనేది, ముండ.

గుడ్డు తినమనింది నౌషీన్.
గుడ్డు ఒలిచి పిల్లోళ్ళకు పెట్టిన చెయ్యి ఇది,
పెంకు పారేసేదే దానికి తెలిసిన పని.
పొయ్యి కాడ నిలబడి, ఉప్పేసుకోని,
దొంగతనం మాదిరి తినేసినా.
పచ్చసొన గొంతులో అడ్డం పడింది.
రెండోనాడు పడలా.

నడాన వారం రోజులు ఏమీ చెయ్యలా.
జొరమని చెప్పినా నౌషీన్‌కి.
జొరం కాదు, యాష్ట.

అయిదు నెల్లకు ఆరున్నర గుప్పిళ్ళు.

కామాచ్చమ్మ కొత్తింట్లో చేరతా పిలిచింది,
తొక్కు తీసే బల్ల కాడ నా ఎదురు మనిషి.
మా ఈడోళ్ళందరికీ టేబుళ్ళేసినారు.
నేను పోయి చాప మీద బంతిలో కూర్చున్నా.
ఓళిగ, నెయ్యి, పులుసన్నం, పెరుగు.
రెండేండ్లుగా బంతికి పోలేదు నేను.
లేసేటప్పుడు ఎంగిలి చెయ్యి నేలకు ఆనించాల్సొస్తాదని,
ఆ చెయ్యి గుర్తు చాప మీద మిగిలిపోతాదని.

ఆకు మడిచినా.
మడమలు దగ్గరికి లాక్కున్నా.
"ముక్కు మోకాలి మీదికి రావాలవ్వా"
సరే, తెచ్చినా.
తొడలో ఏందో బిర్రుగా ముడిపడింది,
గుడ్డ గొట్టం నిండినట్టు.
టక్కుమనింది మోకాలు.
ఆ శబ్దం పోదంట, పోకపోనీ.

లేసినా.
పెరుగు కారతా ఉండే చెయ్యి గాల్లోనే ఉంది.

ఎవరూ చూళ్ళా.
కామాచ్చమ్మ వడ్డనలో ఉంది.
చెయ్యి కడుక్కునే కాడ వరస పొడుగ్గా ఉండె.
నిలబడినా.